సంచిలో ఉన్న ప్యాడ్లు మోకాలిని కాపాడవు: మన గుట్టల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్, గుట్టల సైకిల్) తొక్కేవాళ్లు రక్షణ సామాను ఎంచుకునే తీరు

మూడేళ్ల కిందటి మాట. ఏప్రిల్‌లో ఒక ఆదివారం వరంగల్ దగ్గర ధర్మసాగర్ దాటి దేవునూరు వైపు, ఇనుపరాతి గుట్టల అంచున ఉన్న ఎడ్లబండ్ల బాట మీద సైకిల్ మీంచి పడ్డాను. పెద్ద దుముకుడేం కాదు. దిగుడులో చిన్న మలుపు, ముందు చక్రం కింద మొరం కదిలింది, అంతే. అసలు సంగతేంటంటే నా దగ్గర మోకాలి ప్యాడ్లు ఉన్నాయి. ఎండెక్కి లోపల చెమట చిరచిరలాడుతోందని పది నిమిషాల ముందే విప్పి సంచిలో కుక్కాను. గ్లవ్స్ అయితే కొననే లేదు.

ఇంటికొచ్చాక అమ్మ పిన్నీసు, వేడినీళ్లు, స్టీలు గిన్నె ముందేసుకుని కూర్చుంది. అరచేతిలో, మణికట్టుకు ఆనుకుని ఉండే మెత్తటి చోట, తోలు కింద ఎర్రటి మొరం పలుకులు ఇరుక్కున్నాయి. ఒక్కోటి పైకి లేపి గిన్నెలో వేస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు. పదకొండు లెక్కపెట్టాను. "ప్యాడ్లు కొన్నవ్ గదా, ఏడున్నయ్?" అనడిగింది. సంచిలో ఉన్నాయన్నాను. "మంచిగైంది, సంచికేం దెబ్బ తాకలే" అంది తలెత్తకుండానే.

అప్పటి నుంచి ఏ రక్షణ సామాను చేతిలోకి తీసుకున్నా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఏప్రిల్ నెలలో, పొద్దున తొమ్మిదింటికి, గుట్ట ఎక్కేటప్పుడు కూడా ఇది నా ఒంటి మీద ఉంటుందా? ఉండదనిపిస్తే అది ఎంత ఖరీదైనదైనా నాకొద్దు. కింద రాసినదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

1. ముందు మీరెక్కడ, ఎలా పడతారో చూసుకోండి

కెనడాలోని విస్లర్ లాంటి చోట్ల తీసిన వీడియోలు చూసి తల నుంచి కాలిదాకా కవచం కొనాలనిపిస్తుంది. అక్కడ చాలామంది సైకిల్‌ని లిఫ్టుకు (కొండ పైకి తీసుకెళ్లే రోప్‌వేకు) తగిలించి పైకి వెళ్తారు, దిగడానికి మాత్రమే తొక్కుతారు, పైగా చల్లటి గాలి. మనకు లిఫ్టూ లేదు, చల్లగాలీ లేదు. గంటసేపు ఎక్కితే పది నిమిషాలు దిగుతాం. ఆ గంటలో ఒంట్లోని నీళ్లన్నీ బయటికొస్తాయి.

నేల సంగతి కూడా వేరే. హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల గుట్టలు ఎక్కువగా గ్రానైటు బండలు. వాటి మీద మొరం పలుచగా పరుచుకుని ఉంటుంది, గచ్చు మీద గోలీలు పోసినట్టు. చక్రం జారేది అక్కడే. భూపాలపల్లి వైపు రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు ఇసుకరాయి, ఒరుసుకుంటే ఉప్పు కాగితం రుద్దినట్టే. ఏటూరునాగారం, పాఖాల వైపు అడవి దారుల్లో ఆకులు రాలి రాళ్లను, వేళ్లను కప్పేస్తాయి. (ఆ రెండూ అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి దారుల్లోకి సైకిల్ దింపకండి.) ఇక ఎక్కడికెళ్లినా సర్కారు తుమ్మ కొమ్మలు దారిలోకి వాలి ఉంటాయి.

మీ తొక్కుడును బట్టి తేల్చుకోండి. చెరువు కట్టలు, కాకతీయ కాలువ గట్లు, చెలకల మధ్య బాటలు మాత్రమే అయితే హెల్మెట్, గ్లవ్స్, కళ్లద్దాలు చాలు. గుట్ట ఎక్కి దిగేవాళ్లకు వీటికి మోకాలి ప్యాడ్లు తప్పనిసరిగా తోడవ్వాలి, మోచేతివి ఉంటే మంచిది. బండల మీంచి దుమికేవాళ్లు, కావాలని జంపులు చేసేవాళ్లు ముఖం మొత్తం కప్పే హెల్మెట్, వీపు రక్షణ గురించి ఆలోచించాలి. నాకు తెలిసిన వాళ్లలో పదిలో ఎనిమిది మంది రెండో రకం.

ఒక మాట ముందే చెప్పుకుందాం. ప్యాడ్లు తోలు గీరుకుపోకుండా ఆపుతాయి, రాయి నేరుగా తగిలితే ఆ దెబ్బను తగ్గిస్తాయి. మోకాలు మెలిపడి లోపలి లిగమెంటు తెగితే ఏ ప్యాడూ ఏమీ చేయలేదు. చేయి చాచి పడినప్పుడు ఆ బరువు చేతి గుండా పైకి పాకి కాలర్‌బోన్ విరుగుతుంది. సైకిల్ తొక్కేవాళ్లలో తరచూ విరిగే బొక్కల్లో అదొకటి, దానికి సరైన కవచం లేదు. భుజం ప్యాడ్ వేసుకున్నాం కదా అని ధైర్యం పెంచుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

2. లేబుల్ చదవడం నేర్చుకోండి

నాట్లేసిన మడిలో పడితే బురదంటుతుంది. అంతే ఎత్తు నుంచి బండ మీద పడితే బొక్క విరుగుతుంది. పడ్డ వేగం ఒకటే అయినా ఆగడానికి దొరికిన దూరం, సమయం వేరు. ప్యాడ్ చేసే పనంతా ఆ సమయాన్ని రవ్వంత సాగదీయడం, దెబ్బను ఒక్క చుక్క మీద కాకుండా వెడల్పుగా పరచడం. ఎంతవరకు పరుస్తుందో లేబుల్ చెబుతుంది.

యూరప్ ప్రమాణం ఈఎన్ (EN) 1621 అసలు మోటారు సైకిళ్ల వాళ్ల కోసం రాసింది. అయినా ఎంటీబీ ప్యాడ్లు చేసే చాలా కంపెనీలు దీని ప్రకారమే పరీక్ష చేయిస్తాయి. పరీక్ష సులువుగానే అర్థమవుతుంది. 5 కిలోల ఇనుప దిమ్మెను మీటరు ఎత్తు నుంచి ప్యాడ్ మీద పడేస్తారు, అంటే సుమారు 50 జౌల్స్ శక్తి. ప్యాడ్ కిందికి ఎంత బలం దిగిందో కొలుస్తారు. మోకాళ్లు, మోచేతులు, భుజాలకు వర్తించేది ఈఎన్ 1621-1. లెవల్ 1 అని రాసుంటే సగటున 35 కిలోన్యూటన్లకు మించి కిందికి దిగకూడదు. లెవల్ 2 అయితే 20. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు మోపినట్టు, కాబట్టి క్షణంలో వెయ్యో వంతు సేపే అయినా తేడా మూడున్నర టన్నులకు, రెండు టన్నులకు మధ్య. వీపుకు ఈఎన్ 1621-2 ఉంది. అందులో లెవల్ 1 కి 18, లెవల్ 2 కి 9. దిమ్మె ఆకారం, పరీక్ష తీరు వేరు కనుక ఆ అంకెల్ని మోకాలి అంకెలతో పక్కపక్కన పెట్టి చూడకండి.

లేబుల్ మీద బండి నడిపే మనిషి బొమ్మ ఉంటుంది. దాని పక్కన ఒక అక్షరం. కె అంటే మోకాలు, ఈ అంటే మోచేయి, ఎస్ అంటే భుజం, హెచ్ అంటే తుంటి, ఎల్ అంటే మోకాలి కింది ముందు భాగం. తర్వాత ఏ లేదా బి. ఏ రకం ప్యాడ్ తక్కువ చోటు కప్పుతుంది, బి రకం ఎక్కువ. ఆ తర్వాత లెవల్ అంకె.

మన ఊళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది చాలామంది చూడకుండా దాటేసే చిన్న గుర్తు: టీ ప్లస్ (T+). ప్యాడ్‌ను 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని దానర్థం. ఇది తప్పనిసరి పరీక్ష కాదు, కంపెనీ ఇష్టం. డీ3ఓ (ఒక కంపెనీ పదార్థం పేరు) లాంటి మెత్తని ప్యాడ్లు మామూలుగా వంగుతాయి, ఠక్కున దెబ్బ తగిలితే బిగుసుకుంటాయి. కార్న్‌ఫ్లోర్‌ను కొంచెం నీళ్లలో చిక్కగా కలిపి వేలు మెల్లగా ముంచితే దిగుతుంది, గుద్దితే దిగదు, చూసే ఉంటారు, ఇదీ ఆ బాపతే. అయితే ఈ రకం పదార్థం వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. టీ మైనస్ గుర్తు మైనస్ 10 డిగ్రీలది, దానితో మనకు పనేం ఉంది. మేలో 44, 45 డిగ్రీలు చూసే వరంగల్‌లో టీ ప్లస్ ఉన్నదానికి నేనైతే నాలుగు డబ్బులు ఎక్కువ పెడతాను.

వట్టి సీఈ (CE, యూరప్ గుర్తు) అని రాసి, పక్కన ప్రమాణం నంబరు, లెవల్ లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. దెబ్బను ఆపే పరీక్షలో నెగ్గిందని ఆ రెండక్షరాలు ఒక్కటే చెప్పవు.

3. హెల్మెట్

డబ్బులు ఎంతున్నా సగం ఇక్కడ పెట్టండి.

"ఇంట్లో బండి హెల్మెట్ ఉంది కదా" అనేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. ఐఎస్ఐ గుర్తున్న బండి హెల్మెట్ బండి కోసమే చేసింది. కిలో దాటి బరువు, గాలి ఆడే రంధ్రాలు తక్కువ. గుట్ట ఎక్కేటప్పుడు పదో నిమిషానికి తీసి హ్యాండిల్‌కు తగిలిస్తారు, మళ్లీ నా సంచి కథే. సైకిల్ హెల్మెట్ లేబుల్ మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 గానీ అమెరికా ప్రమాణం సీపీఎస్‌సీ (CPSC) గానీ ఉండాలి. మామూలు రోడ్డు సైకిల్ హెల్మెట్ కాకుండా తల వెనుక, చెవుల పైన కిందిదాకా దిగే ట్రైల్ రకం తీసుకోండి. ముందు చిన్న చూరు ఉంటుంది, ఎండకూ కొమ్మలకూ అడ్డు.

లోపల ఉండే తెల్లటి నురుగు మనం థర్మాకోల్ అని పిలిచేదే, కొంచెం దట్టంగా పోసింది. వేలితో గట్టిగా నొక్కితే థర్మాకోల్ మీద పడ్డ గుంట మళ్లీ లేవదు కదా. హెల్మెట్ కూడా అలాగే ఒకసారి నలిగి మీ తలను కాపాడుతుంది, రెండోసారికి దానిలో నలగడానికేం మిగలదు. పైకి గీత కూడా లేకపోయినా, తల గట్టిగా తగిలిన హెల్మెట్‌ను మార్చాల్సిందే. అందుకే వాడిన హెల్మెట్ కొనకండి, అన్నదమ్ములదైనా సరే.

లోపల పసుపు రంగు పలుచటి పొర కనిపిస్తే అది మిప్స్. స్వీడన్‌లో పుట్టిన పద్ధతి. తల ఏటవాలుగా నేలకు తగిలినప్పుడు హెల్మెట్ తల మీద 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారేలా చేసి, మెదడుకు తగిలే మెలికను తగ్గించాలని చూస్తుంది. మన మొరం మీద ఎక్కువగా ఏటవాలుగానే పడతాం కాబట్టి ఉంటే మంచిది.

ముఖం కప్పే ఫుల్‌ఫేస్ కొనేవాళ్లు అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1952 (ASTM F1952) అని రాసుందో లేదో చూడాలి. డౌన్‌హిల్ కోసం రాసిన ఈ ప్రమాణంలో గడ్డం దగ్గరి భాగానికి కూడా పరీక్ష ఉంది. గడ్డం భాగం ఊడదీసే రకాలు వచ్చాయి, ఎక్కేటప్పుడు తీసి, దిగేటప్పుడు తగిలించుకోవచ్చు. మన ఎండకు తెలివైన ఆలోచనే కానీ, గడ్డం భాగం తగిలించి ఉన్నప్పుడు దానికి ఆ ప్రమాణం వర్తిస్తుందో లేదో అడిగి కొనండి. కొన్నిటిలో అది కొమ్మలు తగలకుండా పెట్టిన అలంకారమే.

సైజు చూడ్డానికి కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో టేపు చుట్టి కొలవండి. పెట్టుకున్నాక పట్టీ బిగించకుండానే తల అటూఇటూ ఊపండి, హెల్మెట్ తలతో పాటే తిరగాలి. ముందంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. నెత్తి వెనక్కి టోపీలా నెట్టుకుంటే నుదురు బండకు వదిలేసినట్టే. రెండు పట్టీలు చెవి కింద కలవాలి. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ కిందికి లాగినట్టనిపించాలి. ఒక చిన్న సంగతి: తలకు నూనె పెట్టుకుని హెల్మెట్ పెట్టకండి. లోపలి మెత్తలు జిగటై దుమ్ము పడతాయి, నెలలో పారేయాల్సి వస్తుంది.

4. మోకాళ్లు

మోకాలి ప్యాడ్లు రెండు రకాలు. ఒకటి తొడుగులా కాలికి ఎక్కించేది, లోపల మెత్తని ప్యాడ్ ఉంటుంది. రెండోది పైన ప్లాస్టిక్ డొప్ప ఉన్నది. బండ మీద జారేటప్పుడు డొప్ప నున్నగా జారుతుంది, బట్ట అయితే పట్టుకుని మోకాలిని మెలిపెట్టే ప్రమాదం కొంత ఉంది. డొప్పకు బరువు, వేడి ఎక్కువ, తొక్కేటప్పుడు కాలికి అడ్డం. ఎక్కువ ఎక్కి తక్కువ దిగే మనలాంటి వాళ్లకు లెవల్ 1 మెత్తని తొడుగే సరైనదని నా లెక్క. ఒంటి మీద ఉండే లెవల్ 1, సంచిలో ఉండే లెవల్ 2 కంటే నయం. ఏటవాలు బండల మీంచి దిగే అలవాటున్నవాళ్లు మాత్రం డొప్ప రకం చూసుకోవచ్చు.

కొనేటప్పుడు ముందు భాగం బట్ట మీద గోరుతో గీరి చూడండి. లైక్రా లాంటి పలుచటి బట్టైతే మొరం మీద ఒక్కసారి పడితేనే చిరుగుతుంది. కెవ్లార్ లాంటి గట్టి నేత ఉండాలి. మోకాలి వెనుక మడతలో మాత్రం జల్లెడలా గాలాడే బట్ట ఉండాలి, కుట్లు అక్కడ రాకూడదు. గంట తొక్కాక ఒరుసుకుని ఎర్రగా కమిలేది అక్కడే.

కొలత ఇలా తీసుకోండి. మోకాలు కాస్త వంచి, చిప్ప మధ్య నుంచి పైకి 10 సెంటీమీటర్లు, కిందికి 10 సెంటీమీటర్లు గుర్తు పెట్టి ఆ రెండు చోట్లా చుట్టుకొలత తీయండి. కొన్ని కంపెనీలు 15 సెంటీమీటర్లు అంటాయి, వాళ్ల పట్టిక చూసి అదే దూరం వాడండి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. పొద్దున కాకుండా సాయంత్రం కొలవండి, తిరిగీ తిరిగీ కాలు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. పై కొలతకు ఒక సైజు, కింది కొలతకు ఒక సైజు వస్తే తొడ కొలతకు దగ్గరున్నది ముందు వేసి చూడండి, ఎందుకంటే జారడం మొదలయ్యేది పైనుంచే. తొడుగులు వాడుతుంటే సాగుతాయి కాబట్టి రక్తం ఆడకుండా పట్టేయనంతవరకు బిగుతుగా ఉన్నదే మేలు.

వేసుకున్నాక ఇంట్లోనే పరీక్ష చేయండి. నేను చేసే వరుస ఇది. నిలబడి చూసుకోవడం దండగ, ముందు పీట మీద కూర్చుని మోకాలు వంచాలి. వంచినప్పుడు చిప్ప సరిగ్గా ప్యాడ్ గుంటలో కూర్చోవాలి, సైకిల్ మీద కాలు ఉండేది అలాగే కదా. తర్వాత డాబా మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగుతాను. మొదటిసారి చేసినప్పుడు మా బాపు పేపరు దించి చూసి "ఏందిరా గివి, క్రికెట్‌కు పోతున్నవా?" అన్నాడు. మెట్లయ్యాక గచ్చు మీద మెల్లగా మోకరిల్లి బరువంతా మోపాలి. గచ్చు గట్టిదనం చిప్పకు తెలిసిందంటే ఆ ప్యాడ్ వద్దు. చివరిది, అన్నిటికంటే ముఖ్యం: ప్యాడ్ పై అంచు పట్టుకుని గట్టిగా కిందికి లాగండి, కింది అంచు పట్టుకుని పైకి నెట్టండి. రాయి చేసే పని అదే. చిప్ప బయటపడితే పడ్డ రోజు కూడా బయటపడుతుంది. ట్యాగు తెంచకుండా ఇవన్నీ చేస్తే వాపసు ఇవ్వడానికి వీలుంటుంది.

ఎండ సంగతి. ఎక్కేటప్పుడు భరించలేకపోతే ప్యాడ్లను చీలమండ దాకా జార్చుకోండి, పైకి చేరాక లాక్కోండి. సంచిలోకి మాత్రం వద్దు, తీసి వేసుకోవడానికి బూట్లు విప్పాలి కాబట్టి బద్ధకిస్తాం. బూట్లు విప్పకుండా పూర్తిగా తెరుచుకునే జిప్పు, పట్టీల రకాలు కూడా ఉన్నాయి. జేబుకు కొంచెం భారమే కానీ మనకు కలిసొస్తుంది.

5. అరచేతులు, మోచేతులు

పడబోతుంటే చేతులు వాటంతట అవే ముందుకు వెళ్తాయి, వద్దనుకున్నా ఆగవు. అందుకే గ్లవ్స్ మోకాలి ప్యాడ్ల కంటే ముందు కొనమంటాను. వేళ్లు పూర్తిగా కప్పేవే కావాలి, సగం వేళ్లవి రోడ్డుకు సరిపోతాయి. అరచేతి వైపు గట్టి కృత్రిమ తోలు, మణికట్టుకు ఆనుకున్న చోట రెండో పొర ఉండాలి. లోపల మందపాటి జెల్ మెత్తలున్నవి మెత్తగా అనిపిస్తాయి కానీ హ్యాండిల్ పట్టు తెలియదు, చెమటకు ఉబ్బుతాయి. పలుచటి అరచేయి, పైన గాలాడే వల బట్ట నాకు నచ్చిన జోడీ. వేళ్ల కణుపుల మీద చిన్న రబ్బరు పట్టీలుంటే తుమ్మ ముల్లు గీరకుండా ఆపుతాయి. వేలి కొసల దగ్గర బట్ట మిగలకూడదు, బ్రేకు మీద జారుతుంది.

స్కేటింగ్ వాళ్ల మణికట్టు కవచాలు వేసుకుంటామని కొందరంటారు. వాటిలోని ప్లాస్టిక్ బద్ద మణికట్టును వంగనివ్వదు, హ్యాండిల్, బ్రేకు పట్టుకోవడం కష్టం. సైకిల్‌కు అవి కాదు.

మోచేతి ప్యాడ్లకు మోకాలి సూత్రాలే వర్తిస్తాయి. ముంజేయి మీదికి కాస్త ఎక్కువ పొడవు దిగేవి చూసుకోండి, పక్కకు పడితే మోచేతితో పాటు ముంజేయి కూడా ఈడ్చుకుపోతుంది. పట్టు లేకపోతే మణికట్టు దాకా జారొస్తాయి. అలా జారే ప్యాడ్ అసలు లేకపోయినా ఒకటే.

6. వీపు, ఛాతీ: ఇక్కడ ఆగి ఆలోచించండి

నేను డబ్బులు పోగొట్టుకున్నది ఇక్కడే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఒక ఆర్మర్ జాకెట్ కొన్నాను. వల బట్ట మీద భుజాలకు, ఛాతీకి, మోచేతులకు నల్లటి ప్లాస్టిక్ పలకలు, వీపున తేలు తోకలా వరుస ముక్కలు. అద్దంలో చూసుకుంటే నాకు నేనే సినిమా హీరోలా కనిపించాను. పలకల వెనక ఎక్కడా ప్రమాణం నంబరు లేదు. మార్చిలో రెండుసార్లు వేసుకున్నాను. మూడోసారి వేసుకోలేక మా చిన్నాన్న కొడుక్కిచ్చాను.

వీపు రక్షణ నిజంగా కావాలనుకుంటే ఈఎన్ 1621-2 ఉన్న విడి ప్యాడ్ తీసుకోండి. ఎఫ్‌బీ అంటే వీపు మొత్తం, సీబీ అంటే మధ్య భాగం, ఎల్‌బీ అంటే నడుం. మనకు అన్నిటికంటే కుదిరేది వీపు ప్యాడ్ లోపలే ఉన్న నీళ్ల సంచి. నీళ్లు ఎలాగూ మోస్తాం, ఆ సంచే కవచమైతే వేరే పొర ఒంటి మీద పడదు. ఛాతీ పట్టీ, నడుం పట్టీ రెండూ ఉండాలి, పడ్డప్పుడు సంచి తల మీదికి ఎగబాకకుండా. అందులో పంపు, పానా లాంటి ఇనుప సామాను వెన్నుకు ఆనేట్టు పెట్టకండి. వెన్ను వంకర తిరిగి తగిలే గాయాలను ఈ ప్యాడ్లేవీ ఆపవు, రాయి నేరుగా గుచ్చుకోకుండా మాత్రం చూస్తాయి.

ఛాతీ పలకలు, మెడ కవచం జంపులు చేసేవాళ్ల సామాను. మెడ కవచం ఫుల్‌ఫేస్ హెల్మెట్‌తో జత కుదిరితేనే పనిచేస్తుంది, సగం హెల్మెట్‌తో పెట్టుకుంటే అర్థం లేదు. దేవునూరు బాట మీద అది పెట్టుకుని ఎవరైనా కనిపిస్తే ముందు మంచినీళ్లు ఇస్తాను.

7. మిగిలినవి

పెడల్స్ ఇనుప మేకులున్న చదును రకమైతే కాలు జారినప్పుడు మోకాలి కింది బొక్కకు తగిలే దెబ్బ కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి ఆర్నెల్లు పిక్కల దాకా వచ్చే పొడవాటి ప్యాడ్ వాడితే మంచిది, ముళ్లకూ అడ్డం. తుంటికి మెత్తలున్న లోపలి నిక్కర్లు దొరుకుతాయి, బండల మీద తిరిగేవాళ్లకు బాగుంటాయి, మిగతావాళ్లకు అదనపు ఉక్క. తెల్లటి అద్దాల కళ్లజోడు మాత్రం ఎవరూ మానకండి.

పిల్లలకు కొనేటప్పుడు బడి యూనిఫాం లెక్క వేయకండి. "వచ్చే ఏడు కూడా వస్తది" అని రెండు సైజులు పెద్ద హెల్మెట్, వదులు ప్యాడ్లు కొంటే ఈ ఏడు అవి పనిచేయవు.

8. ఏ వరుసలో కొనాలి

ఒక్కసారే అన్నీ కొనే స్థోమత లేకపోతే నా వరుస ఇది: హెల్మెట్, గ్లవ్స్, కళ్లద్దాలు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, ఆ తర్వాత వీపు ప్యాడున్న సంచి. మోకాలి ప్యాడ్లు వాడినవి కొనొచ్చు, లోపలి ప్యాడ్ తీసి చూసి పగుళ్లు, శాశ్వతంగా పడ్డ గుంటలు లేకపోతే చాలు. అంచున ఉండే సిలికాన్ పట్టీ నున్నగా అరిగిపోతే మాత్రం వదిలేయండి.

ఆన్‌లైన్ కొనుగోలైతే పెట్టె తెరవగానే లేబుల్ ఫొటో తీసుకోండి. లెవల్ 2 అని ప్రకటనలో ఉండి, ప్యాడ్ మీద ఏమీ లేకపోతే అదే రోజు వాపసు పెట్టండి.

సంచిలో ప్యాడ్లకు బదులు ఇవి పెట్టుకోండి: సన్న పట్టకారు, గాయానికి కట్టే గాజ్ (gauze) గుడ్డ, సెలైన్ చిన్న సీసా. తలకు దెబ్బ తగిలి వాంతి అయినా, మాట తడబడినా, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఇంటికి తొక్కుకుంటూ రావద్దు, 108కి ఫోన్ చేయండి. గుట్టల మధ్య సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు కాబట్టి ఒంటరిగా వెళ్లకండి.

9. చెమట, ఉతుకుడు

ప్యాడ్లను చెడగొట్టేది దెబ్బల కంటే చెమట ఉప్పు. ఇంటికి రాగానే సంచిలోంచి తీయండి, లేకపోతే మర్నాటికి వాసన గది దాటి వస్తుంది. లోపలి మెత్తని ప్యాడ్ తీయగలిగితే తీసేసి, తొడుగును చన్నీళ్లలో మామూలు సబ్బుతో చేత్తో ఉతకండి. మెత్తని ప్యాడ్‌ను తడిబట్టతో తుడిస్తే చాలు. వెల్క్రో పట్టీలు మూసి ఉతకాలి, తెరిచి ఉంటే బట్టనంతా పీకేస్తాయి. గట్టిగా పిండకండి, నీళ్లు ఓడనివ్వండి.

ఆరేసేది నీడలోనే. మేలో డాబా మీద దండేనికి వేస్తే రెండు గంటల్లో ఆరతాయి, రెండు నెలల్లో ఎలాస్టిక్ చచ్చిపోతుంది. హెల్మెట్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి, పెయింటు, థిన్నర్, కిరోసిన్ తగలనివ్వకండి, ఆ నురుగు కరుగుతుంది. మా ఇంట్లో ప్యాడ్లు వంటింటి వెనక నీడలో, ఎండుమిరప చాటకు పక్కన వేలాడతాయి. శనివారం రాత్రి వాటిని తీసుకొచ్చి బూట్లలో దోపి గడప దగ్గర పెడతాను, పొద్దున నాలుగున్నరకు బూటు వేసుకోవాలంటే ముందు ప్యాడ్ చేతిలోకి రావాల్సిందే.